ఓనరు తన సొంత డబ్బు ఖర్చుపెట్టుకుంటే ఫుట్‌బాల్ క్లబ్బుకు పాయింట్లు ఎందుకు కోస్తారు?

యజమాని తన జేబులోంచి ఆటగాళ్లకు జీతాలిస్తుంటే లీగుకు వచ్చిన నష్టమేంటి, ఎవరి డబ్బు వాళ్లిష్టం కదా అని అడిగారు. యూరప్ క్లబ్బుల లెక్కలు చదవడం మొదలుపెట్టక చాలా ముందే దీనికి జవాబు నేను ఆమదాలవలసలో ఒక మెస్ గోడ మీద చూశాను. ముందు ఆ సంగతి చెప్తాను.

మాది ఆమదాలవలస దగ్గర చిన్న ఊరు. సంక్రాంతికి మా వైపు కబడ్డీ, వాలీబాల్ పోటీలే ఎక్కువ. ఫుట్‌బాల్ పెట్టే ఊళ్లు తక్కువ కాబట్టి, ఒక్క టోర్నమెంట్ కోసం ఏడాదంతా ఎదురుచూసేవాళ్లం. పదకొండేళ్ల కిందట మా టీమ్ జమాఖర్చుల పుస్తకం నా దగ్గర ఉండేది. ఆ ఏడు బరంపురం నుంచి ఇద్దరు ఆటగాళ్లను తెచ్చాం. మ్యాచ్‌కి వెయ్యి రూపాయలు, రానుపోను చార్జీలు, భోజనం. కప్పు గెలిచాం. 30,000 ప్రైజు వచ్చింది.

మరుసటి ఏడు ప్రైజు 50,000 అని పోస్టర్ వేశారు. మా కెప్టెన్ నాకు వరసకు బావ. "ఈసారి ఐదుగుర్ని దింపుదాం. కప్పు మనదే, డబ్బు దానంతటదే వస్తాది" అన్నాడు. పోయినేడు వెయ్యికి వచ్చినవాళ్లు ఈసారి రెండున్నర వేలు అడిగారు. పక్క ఊరి టీమ్ అంత ఇస్తానందట. సరే అన్నాం. కొత్తగా వచ్చే ముగ్గురికీ అంతే ఇవ్వాల్సి వచ్చింది. వాళ్లలో ఒకడు గోల్‌కీపర్ కావడంతో, ఇంటర్ చదువుతున్న మా సొంత గోల్‌కీపర్ గట్టు మీద కూర్చున్నాడు. ప్రైజు రాకపోతే ఏంటి అని అడగాల్సింది పుస్తకం పట్టుకున్న నేను. అడగలేదు.

సెమీఫైనల్లో పెనాల్టీ కిక్కుల దగ్గర ఓడిపోయాం. మూడు మ్యాచ్‌లకు ఐదుగురికి 37,500. చందాల డబ్బు దాదాపు అంతే ఉంది. వాళ్లు ఆ రాత్రే రైలెక్కాలి కాబట్టి ముందు వాళ్లకే ఇచ్చేశాం. వాళ్ల తప్పేం లేదు, మాటిచ్చింది మేమే. కానీ మెస్ నడిపే పిన్నికి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. పదహారు మందికి వారం రోజులు రెండు పూటలా ఆమే వండింది. వంటగది తలుపు పక్క గోడ మీద భోజనానికో బొగ్గు గీత, నాలుగు గీతల మీద ఒక అడ్డగీత. నేను, ఆమె కలిసి లెక్కపెట్టాం. 224 భోజనాలు, డెబ్బై చొప్పున 15,680. "ఆల్లకి ఇచ్చీసినావు, బాగుంది. మరి బియ్యం కొట్టోడికి నానేటి సెప్పాల?" అంది. అరవలేదు. ఆ బాకీ తీర్చడానికి మాకు పద్నాలుగు నెలలు పట్టింది.

ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు కథ చదివినప్పుడు నాకు ఆ గోడే కళ్ల ముందు మెదిలింది. 2008లో ఎఫ్ఏ కప్, అంటే ఇంగ్లండ్‌లోని క్లబ్బులన్నీ ఆడే పెద్ద కప్పు, గెలిచిన క్లబ్బు అది. రెండేళ్లు తిరక్కుండానే, 2010 ఫిబ్రవరిలో అప్పులు తీర్చలేక అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే అప్పుల లెక్క తేల్చడానికి నియమించిన బయటి అధికారి చేతుల్లోకి, వెళ్లింది. లీగు పట్టికలో తొమ్మిది పాయింట్లు కోశారు, కింది డివిజన్‌కు పడిపోయింది. అక్కడ ఒక నిబంధన ఉంది: ఆటగాళ్ల జీతాలు, ఇతర క్లబ్బులకు ఇవ్వాల్సిన బాకీలు మొదట పూర్తిగా తీర్చాలి. మిగతావాళ్లకు తర్వాత ఎంత మిగిలితే అంత. పోర్ట్స్‌మత్‌లో ఆ మిగతావాళ్లకు పౌండుకు 20 పెన్నీల లెక్కన ఒప్పందం కుదిర్చారు. బాకీ రావాల్సినవాళ్ల జాబితాలో మైదానంలో ప్రథమ చికిత్స చేసే సెయింట్ జాన్ అంబులెన్స్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా ఉంది. నాకు అది చదివి నిజంగా బాధేసింది.

ఇక మీరన్న "ఓనరు డబ్బు" సంగతి. ఆ ఒక్క సీజన్‌లోనే పోర్ట్స్‌మత్ నలుగురు యజమానుల చేతులు మారింది. యజమాని వెళ్లిపోవచ్చు, అతను సంతకం పెట్టిన కాంట్రాక్టులు మాత్రం క్లబ్బు మెడకే ఉంటాయి. జీతమంటే నాలుగైదేళ్ల మాట. రాబడి మాత్రం ఏ ఏడాదికి ఆ ఏడాది మైదానంలో ఏం జరిగితే అది. ఇంగ్లండ్‌లోనే ఇంకో క్లబ్బు లీడ్స్ యునైటెడ్ సరిగ్గా ఇక్కడే దెబ్బతింది. రాబోయే ఏళ్ల టికెట్ల రాబడి చూపించి ఆరు కోట్ల పౌండ్లు అప్పు తెచ్చింది. 2001లో యూరప్‌లోని మేటి క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది కూడా. ఆ తర్వాత అక్కడికి మళ్లీ అర్హత సాధించలేకపోయింది. పేరున్న ఆటగాడు రియో ఫెర్డినాండ్‌ని వేరే క్లబ్బుకు అమ్ముకున్నా నిలబడలేదు. 2004లో ఇంగ్లండ్ పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ నుంచి జారిపోయి, 2007కల్లా మూడో డివిజన్‌లో ఉంది. మా బావ అన్న "కప్పు మనదే" కూడా ఈ లెక్కే.

అందుకే ముందే పగ్గం వేసే నిబంధనలు వచ్చాయి. యూరప్ ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థ యూఈఎఫ్‌ఏ లెక్కలో జీతాలు, ఆటగాళ్లను కొనే బదిలీ ఖర్చులు, ఏజెంట్ల కమీషన్లు కలిపి రాబడిలో 70 శాతం దాటకూడదు. 2023లో 90 శాతంతో మొదలుపెట్టి మెల్లగా అక్కడికి తెచ్చారు. ప్రీమియర్ లీగ్‌లో మూడేళ్లకు కలిపి 10.5 కోట్ల పౌండ్ల దాకా నష్టాన్ని అనుమతించారు. ఎవర్టన్ క్లబ్బు దాన్ని 1.95 కోట్లు దాటింది. 2023 నవంబర్‌లో పది పాయింట్లు కోశారు, అప్పీలులో ఆరుకు తగ్గాయి. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ అనే క్లబ్బుకు నాలుగు పోయాయి. లెక్కలు ముగిసే జూన్ 30 లోపల అమ్మాల్సిన ఆటగాడు బ్రెన్నన్ జాన్సన్‌ని మంచి ధర కోసం ఆగి సెప్టెంబర్‌లో అమ్మారు, ధర కోసమే ఆగామన్న వాదన విచారించిన కమిషన్ ముందు నిలవలేదు.

నాకు మాత్రం స్పెయిన్ పద్ధతి నచ్చుతుంది. అక్కడ లీగే ప్రతి క్లబ్బుకు ముందుగా జీతాల పరిమితి కడుతుంది. దాటితే ఆటగాడి పేరు నమోదు కాదు. 2021 ఆగస్టులో మెస్సీ బార్సిలోనా వదిలి వెళ్లాల్సి వచ్చింది ఇందుకే. 135 కోట్ల యూరోల అప్పు ఉందని, జీతాలు రాబడిని మించిపోయాయని అధ్యక్షుడు లాపోర్తానే చెప్పాడు. మెస్సీ కన్నీళ్లు చూసి నేనూ తట్టుకోలేకపోయాను. అయినా తిన్నాక గీతలు లెక్కపెట్టుకునే కంటే, వండకముందే ఇంతమందికే అని చెప్పడం మేలు.

ఫైన్ వేస్తే సరిపోదా అని అడుగుతారేమో. డబ్బున్న యజమానికి ఫైన్ ఇంకో ఖర్చు, అంతే. పాయింటు పోతే కొనుక్కోలేడు. పైగా ఒకడు జీతం పెంచితే పక్క టీమూ పెంచక తప్పదు, మా వెయ్యి రెండున్నర వేలు అయినట్టు. కాకపోతే ఈ నిబంధనల్లో అన్యాయం లేకపోలేదు. రాబడిలో శాతం అన్నప్పుడు పెద్ద క్లబ్బుకు పెద్ద వాటా, చిన్న క్లబ్బుకు చిన్నదే. పాయింట్లు పోతే ఏడ్చేదీ ఏ తప్పూ చేయని అభిమానే. పోర్ట్స్‌మత్‌ను చివరికి 2013లో ఆ అభిమానులే చందాలేసుకుని కొనుక్కున్నారు.

మా టీమ్ ఇంకా ఉంది. టోర్నమెంట్ ముందు చేతిలో ఉన్న డబ్బుకే మనిషిని పిలుస్తాం. పోయిన సంక్రాంతికి బయటివాడు ఒక్కడే వచ్చాడు, క్వార్టర్స్‌లో ఓడిపోయాం. భోజనాలు ఇప్పటికీ పిన్ని దగ్గరే. భోగి ముందు రోజే సగం డబ్బు ఇచ్చొచ్చాను.