యాసిడ్ పోసిన మార్బుల్ తులసికోట బాగవుతుందా?

వానలకు నల్లబడిందని తులసికోట మీద బాత్‌రూమ్ యాసిడ్ పోశారు, ఇప్పుడు మెరుపు పోయి గరుకైంది, పైగా అంచు దగ్గర పగులు కూడా వచ్చిందన్నారు కదండీ. టెన్షన్ పడకండి, కానీ ఆ యాసిడ్ ఇక ముట్టుకోవద్దు. నిమ్మకాయ, వెనిగర్ కూడా వద్దు. మార్బుల్ అంటే కాల్షియం కార్బనేటే, అందుకే యాసిడ్ పడగానే వచ్చిన ఆ నురగ మురికి వదలడం కాదు, రాయే కరగడం.

ఆ నలుపు చాలావరకు నాచు, బూజే. మన హైదరాబాద్ వానాకాలంలో నీడనున్న రాయికి ఇది మామూలే. ముందు రాయిని బాగా తడిపి, ఘాటు లేని లిక్విడ్ సబ్బుతో నైలాన్ బ్రష్ పెట్టి రుద్ది కడగండి, ఇనుప బ్రష్ మాత్రం వద్దే వద్దు. దీపాల నూనె మరక ఉంటే సుద్దపొడిని అసిటోన్‌తో ముద్దచేసి పట్టించి, ప్లాస్టిక్ కవర్ కప్పి ఒక రాత్రి ఉంచండి. అసిటోన్ భగ్గున అంటుకుంటుంది, ఆ రోజు అక్కడ దీపం పెట్టకండి.

గరుకు కడిగితే పోదు, మార్బుల్ పాలిష్ మేస్త్రీతో డైమండ్ ప్యాడ్లతో నీళ్ల పాలిష్ చేయించాల్సిందే. సన్న పగులుకు సిమెంట్ కాకుండా సున్నంలో మార్బుల్ పొడి కలిపి నింపమనండి.