నింద పడ్డప్పుడు ఎక్కడ ఊరుకోవాలి, ఎక్కడ మాట్లాడాలి

ప్రశ్న: మాది రాయచోటి. పెళ్లై నాలుగేళ్లు. మావారు కువైట్‌లో డ్రైవర్, నేను ఇక్కడ అత్తమ్మ, ఆడపడుచుతో ఉంటున్నాను. నా ఫోన్ ఎప్పుడూ బిజీగా ఉంటోందని, ఎవరితోనో మాట్లాడుతున్నానని ఆడపడుచు చుట్టాలందరికీ చెప్పింది. నేను మాట్లాడేది మా అక్కతో. ఎదురు చెబితే రాత్రికల్లా గొడవ కువైట్ దాకా వెళ్తోంది. మా అమ్మీ ‘సబర్ (ఓర్పు) చెయ్యి’ అంటుంది. ఊరుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే కదా? నమాజులో కూడా మనసు నిలవట్లేదు.

జవాబు: అస్సలాము అలైకుమ్ చెల్లీ. చేయని తప్పుకు మాట పడటం కంటే కష్టం ఇంకోటి లేదు. మీకు కోపం రావడంలో ఈమాన్ (విశ్వాసం) లోపం ఏమీ లేదు, ముందు ఆ భయం తీసేయండి.

మీలాంటి నిందే ప్రవక్త (స) భార్య హజ్రత్ ఆయిషా (ర) మీద పడింది. ప్రయాణంలో పోయిన హారం వెతుక్కుంటూ ఆమె వెనకబడిపోతే, వెనక వస్తున్న ప్రవక్త (స) సహచరుడు సఫ్వాన్ (ర) తన ఒంటె మీద తీసుకొచ్చారు, అంతే, మదీనాలో పుకారు లేచింది. నెల రోజులు జ్వరంతో మంచాన ఉన్న ఆమెకు ఆ సంగతి తెలియనే తెలియదు. తెలిశాక ఏం చేశారో చూడండి. వీధిలోకి వెళ్లి ఎవరితోనూ వాదులాడలేదు. ప్రవక్త (స) అనుమతి అడిగి పుట్టింటికి వెళ్లి రాత్రంతా ఏడ్చారు. కానీ ప్రవక్త (స) స్వయంగా వచ్చి అడిగినప్పుడు మాత్రం నోరు మూసుకోలేదు. ‘నా తరఫున జవాబు చెప్పండి’ అని అమ్మానాన్నలను అడిగితే వాళ్లకు ఏం చెప్పాలో తోచలేదు, అప్పుడు తనే చెప్పారు, నేను నిర్దోషినన్నా మీరు నమ్మరు, చేయనిది చేశానంటే నమ్ముతారు, అందుకే యూసుఫ్ తండ్రి అన్న మాటే నాదీ, చక్కని సహనమే నాకు దారి, అల్లాహ్ సాయమే కోరుతున్నాను అని. చిన్న వయసు పిల్ల, చెల్లీ, ఇంట్లో పెద్దలందరూ మౌనంగా ఉన్నచోట అంత నిబ్బరంగా మాట్లాడింది! ఆమె నిర్దోషి అని ఖుర్ఆన్‌లోని సూరా నూర్ అనే అధ్యాయంలో ఆయతులు (వాక్యాలు) దిగాయి. శీలవతి మీద నింద వేసేవాళ్లు నలుగురు సాక్షులను తేవాలని చెప్పిందీ ఆ సూరాయే. మీ ఆడపడుచు చేసింది చిన్న విషయం కాదు.

కాబట్టి ఊరుకోవడం తప్పు ఒప్పుకున్నట్టు కాదు. వంటింట్లో సూటిపోటి మాటలొచ్చినప్పుడు, చుట్టాలు గుచ్చి గుచ్చి అడిగినప్పుడు ఊరుకోండి, అక్కడ మీరు ఎంత చెప్పినా అది రేపటి కబురే అవుతుంది. కోపం వస్తే నిలబడి ఉన్నవాళ్లు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని ప్రవక్త (స) చెప్పారు. ఆ పూట పొయ్యి కట్టేసి గదిలోకి వెళ్లి వుజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం) చేసుకోండి, జవాబు తర్వాత చెప్పొచ్చు.

మీవారితో మాత్రం మాట్లాడి తీరాలి, అదీ గొడవ జరిగిన రాత్రి వద్దు. అక్కడ శుక్రవారం సెలవుంటే ఆ రోజు తీరిగ్గా ఫోన్ చేసి ‘నేను మాట్లాడేది అక్కతో, కావాలంటే కాల్ లిస్టు చూడండి, మీ చెల్లి అన్న మాట నాకు ఇంత బాధ పెట్టింది’ అని ఏడుపూ ఎత్తిపొడుపూ లేకుండా చెప్పండి. అత్తమ్మ మీద చాడీలు కలపొద్దు, విషయం దారి తప్పుతుంది. ఆయన వినకపోతే ఖుర్ఆన్ చెప్పినట్టు (4:35) మీ వైపు నుంచి ఒకరు, ఆయన వైపు నుంచి ఒకరు పెద్దలు కూర్చోవాలి. మీ నాన్నను గానీ మేనమామను గానీ పంపమని అమ్మీతో చెప్పండి, ‘సబర్ చెయ్యి’ అనేసి ఊరుకుంటే అమ్మీ బాధ్యత తీరదు.

నమాజులో మనసు నిలవడం లేదన్నారు. ఆ యూసుఫ్ తండ్రి, ప్రవక్త యాకూబ్ (అ) కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారు, ‘నా బాధ, నా దుఃఖం అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నా’ అన్నారు. సజ్దాలో (నుదురు నేలకు ఆనించినప్పుడు) మీకొచ్చిన భాషలోనే, తెలుగులోనో ఉర్దూలోనో, మనసులో ఏడ్చేయండి. ఇషా (రాత్రి నమాజు) తర్వాత కాసేపు ఫోన్ పక్కన పెట్టి కూర్చుంటే చాలు.

ఒక్క మాట. చెయ్యి చేసుకున్నా, ఫోన్ లాక్కున్నా, గదిలో పెట్టి తాళం వేసినా సబర్ పేరు చెప్పి ఒక్క రోజు కూడా ఆగొద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. 2005 గృహహింస చట్టం ఏ మతం వాళ్లకైనా వర్తిస్తుంది. ఈలోగా అక్కతో మాట్లాడటం మాత్రం మానొద్దు, దాచి మాట్లాడొద్దు, హాల్లో అత్తమ్మ ఎదురుగా కూర్చుని మాట్లాడండి.