పవర్ యాప్స్‌కు ఎస్‌క్యూఎల్ సర్వర్ వివరాలు, ప్రీమియం లైసెన్సు లేకుండా: చీమకుర్తి క్వారీలో మేము చేసిన పద్ధతి

ఆఫీసులోని ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో (మైక్రోసాఫ్ట్ డేటాబేసు) ఉన్న స్టాకును పవర్ యాప్స్‌లో (కోడు పెద్దగా రాయకుండా యాప్‌లు తయారుచేసే మైక్రోసాఫ్ట్ సాధనం) చూపించబోతే ప్రీమియం లైసెన్సు అడుగుతోందని, 18 మందికి అంత ఖర్చు భరించలేమని, వేరే మార్గం ఉందా అని మీరు అడిగారు. చీమకుర్తిలో నేను పనిచేసే గెలాక్సీ గ్రానైట్ క్వారీలో ఇదే ఇబ్బంది ఎదురైంది కాబట్టి మేము చేసినది వివరంగా రాస్తున్నాను.

యాప్‌ను డేటాబేసుతో కలిపే ఎస్‌క్యూఎల్ సర్వర్ కనెక్టర్‌ను 2019 అక్టోబరులో ప్రీమియం వర్గంలోకి మార్చారు. ప్రీమియం లైసెన్సు జాబితా ధర ఒక్కొక్కరికి నెలకు 20 డాలర్లు, అంటే మీ 18 మందికి 360 డాలర్లు. మైక్రోసాఫ్ట్ 365తో పాటు వచ్చే హక్కులో షేర్‌పాయింట్ లిస్టులు (ఆన్‌లైన్‌లో ఉండే పట్టికలు) మాత్రం వాడుకోవచ్చు. అందుకే మేము యాప్‌ను డేటాబేసుతో నేరుగా కలపడం మానుకుని, యార్డులో అవసరమైన మేరకు వివరాలను లిస్టులోకి తెచ్చుకున్నాము.

రాయి పక్కన నిలబడిన సూపర్‌వైజరుకు కావలసినవి ఐదే: రాతి మీద రంగుతో రాసిన బ్లాక్ నంబరు, పొడవు, వెడల్పు, ఎత్తు, అమ్ముడైందా లేదా అన్నది. బిల్లులు, పార్టీల ఖాతాలు ఆఫీసు దాటవు. మా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్, అందులో పనులను వేళకు వాటంతటవే నడిపే ఏజెంట్ ఉండదు. కాబట్టి ఒక పవర్‌షెల్ స్క్రిప్టును విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో పావుగంటకొకసారి నడుపుతున్నాము. అది షేర్‌పాయింట్‌తో పనిచేయడానికి పనికొచ్చే పీఎన్‌పీ మాడ్యూల్ సాయంతో, పాస్‌వర్డుకు బదులు సర్టిఫికెట్‌తో లాగిన్ అయి, క్రితం సారి తరువాత మారిన వరుసలను మాత్రమే పంపుతుంది. కొత్త కొలతలు రావడానికి వేరే లిస్టు పెట్టాము. యాప్ అందులో వరుసలు చేర్చగలదే గాని పాతవాటిని మార్చలేదు. స్క్రిప్టు వాటిని డేటాబేసులో చేర్చి, చేరినట్టు గుర్తు పెడుతుంది. ఒకే వివరాన్ని రెండు చోట్లా మార్చే వీలు ఎవరికీ ఇవ్వకండి. ఇస్తే ఏది సరైనదో తేల్చడానికి టేపు పట్టుకుని మళ్ళీ రాయి దగ్గరికే వెళ్ళాలి.

మేము దెబ్బతిన్నది వెతుకులాట దగ్గర. ఒక రోజు లారీ లోడింగుకు వచ్చి ఉంది, బ్లాక్ కళ్ళెదుట ఉంది, దాని మీద నంబరు స్పష్టంగా కనబడుతోంది, యాప్ మాత్రం అలాంటి బ్లాకే లేదని చెప్పింది. నేను వాడిన సెర్చ్ ఫంక్షన్ పనిని షేర్‌పాయింట్‌కు అప్పగించలేదు. అది మొదటి 500 వరుసలను మాత్రమే ఫోనుకు తెచ్చి వాటిలోనే వెతుకుతుంది. సెట్టింగులలో పెంచినా 2,000 దాటదు, మా లిస్టు అప్పటికే ఆ సంఖ్య దాటిపోయింది. ఎడిటర్‌లో ఫార్ములా కింద హెచ్చరిక గీత కనబడినా నేను పట్టించుకోలేదు. దాని బదులు ఫిల్టర్‌లో, ఇచ్చిన అక్షరాలతో మొదలయ్యేవాటిని షేర్‌పాయింట్‌లోనే వెతికించే స్టార్ట్స్‌విత్ పెట్టిన తరువాత అన్ని బ్లాకులూ దొరుకుతున్నాయి. వెతికే కాలమ్‌లకు ఇండెక్స్‌ను (త్వరగా వెతకడానికి ఉపయోగపడే సూచిక), లిస్టు 5,000 వరుసలు దాటకముందే పెట్టుకోండి.

ఒక్క ప్రీమియం ఖాతా కొని అందరూ దాని వెనుక నుంచి వాడుకోవచ్చని మాకొకరు సలహా ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ నియమాల ప్రకారం అది చెల్లదు, మధ్యలో ఏది పెట్టినా వాడే ప్రతి మనిషికీ లైసెన్సు కావాలి. దయచేసి ఆ దారికి వెళ్ళకండి.

అయితే ఇద్దరు సేల్స్‌వారు ఒకే బ్లాకును ఒకే క్షణంలో బుక్ చేసే అవకాశం ఉన్న పనికి పావుగంట ఆలస్యం పనికిరాదు. ఆ ఒక్క స్క్రీనును మేము యాప్‌స్మిత్ అనే యాప్ తయారీ సాధనం కమ్యూనిటీ ఎడిషన్‌లో కట్టాము. అది అపాచీ లైసెన్సు కింద వచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, మన కంప్యూటరులోనే డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ను విడి పెట్టెలా నడిపే సాధనం) నడుస్తుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను నేరుగా చదువుతుంది, రాస్తుంది. బ్యాకప్, అప్‌డేట్ల బాధ్యత మాత్రం పూర్తిగా మనదే. క్వారీ గుంతలో సిగ్నల్ అందదు కాబట్టి అక్కడ పవర్ యాప్స్‌నే ఉంచి, సేవ్‌డేటా ఫంక్షన్‌తో కొలతలను ఫోనులో దాచి, గట్టు మీదికి వచ్చాక పంపిస్తున్నాము.

మీ పట్టికలో ఎన్ని వరుసలున్నాయో, యాప్ నుంచి వెనక్కి ఏయే వివరాలు రాయాలో చెప్పండి. మా స్క్రిప్టులో మీకు పనికివచ్చే భాగాన్ని ఇక్కడే పెడతాను.