ఆటల సందేహాలు: ఇనోయేది దవడ లోపమా, కుడి చేతి లోపమా?

ప్రశ్న: 2025 మేలో లాస్ వేగాస్‌లో జపాన్ బాక్సర్ నవోయా ఇనోయే ఎనిమిదో రౌండులో రామన్ కార్డెనాస్‌ను చిత్తు చేశాడు. కానీ రెండో రౌండులో తనే కింద పడ్డాడు. అంతకు ముందు ఏడాది నెరీతో ఆడినప్పుడూ ఇలాగే పడి లేచి గెలిచాడు. అంతటి బాక్సరుకి దవడ అంత మెత్తనా, దెబ్బకు తట్టుకోలేదా? బాక్సింగ్ నేర్చుకుంటున్న మా అబ్బాయి అతని వీడియోలే చూస్తుంటాడు. వాటిలో ఏం గమనించమని చెప్పాలి?
– ఒక తండ్రి, పటమట, విజయవాడ

జవాబు: దవడ మెత్తనైతే పడి లేచినవాడు ఆటను మళ్లీ తన చేతిలోకి తెచ్చుకోవడం కష్టం. ఇనోయే రెండుసార్లూ లేచాడు, రెండుసార్లూ పన్నెండు రౌండ్ల దాకా పోకుండానే ముగించాడు. లోపం వేరే చోట ఉంది.

మూడు దెబ్బలను పక్కపక్కన పెట్టి చూడండి. 2019 నవంబరులో జపాన్‌లోని సైతామాలో ప్రత్యర్థి డొనైర్ ఎడమ హుక్‌కి (మోచెయ్యి వంచి పక్క నుంచి కొట్టే దెబ్బ) ఇనోయే కుడి కంటి గూడు ఎముక విరిగింది. 2024 మే 6న టోక్యో డోమ్‌లో నెరీ ఎడమ చేతి దెబ్బకు ప్రొఫెషనల్‌గా మొట్టమొదటిసారి కింద పడ్డాడు. కార్డెనాస్ కొట్టిందీ ఎడమ హుక్కే. మూడూ కుడి చెంప వైపు వచ్చినవే, మూడూ మొదటి రెండు రౌండ్లలో తగిలినవే.

నెరీ, కార్డెనాస్ ఇద్దరితోనూ ఇనోయే బాగా దగ్గరికి వెళ్లి ఎడమ చేత్తో బలంగా విసిరాడు. అది తప్పిపోయిన క్షణంలోనే దెబ్బ తిన్నాడు. ఎడమ చెయ్యి విసిరినప్పుడు కుడి గ్లోవే ఆ చెంపకు తలుపు. అది కాస్త జారినా, తల కదలక అక్కడే ఉన్నా, లోపలి నుంచి వచ్చే పొట్టి హుక్ ముందు తగులుతుంది.

అతని బలం చూడాలంటే 2023 జులైలో ఫుల్టన్‌తో ఆడిన పోటీ చూపించండి. నాకు అన్నిటికంటే నచ్చిన పని అక్కడ చేశాడు. కడుపుకి జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే దెబ్బ) మళ్లీ మళ్లీ వేసి ఎదుటివాడి దృష్టిని కిందికి లాగాడు. ఎనిమిదో రౌండులో అదే జాబ్ వేసి, వెంటనే కుడి చెయ్యి తలకి, ఆపై ఎడమ హుక్. మీ వాడు ఆఖరి దెబ్బ ఒక్కటే చూస్తే సగం ఆట వదిలేసినట్టే. అంతకు ముందు ఏడు రౌండ్లలో కడుపు జాబ్‌లు లెక్కపెట్టమనండి. 2025 సెప్టెంబరులో అఖ్మదాలియెవ్‌తో పన్నెండు రౌండ్లూ దూరం పాటించి, తొందరపడకుండా పాయింట్ల మీద గెలిచాడు. అంటే నాకౌట్ కోసం తొందరపడి దగ్గరికి దూరినప్పుడే ప్రమాదం.

సాధనకి: మడిచిన చేతిరుమాలును కుడి గ్లోవ్‌కీ చెంపకీ మధ్య పట్టుకుని పంచింగ్ బ్యాగ్ మీద నెమ్మదిగా 20 ఎడమ హుక్‌లు వేయమనండి. రుమాలు జారితే మళ్లీ ఒకటి నుంచి. అది కుదిరాక కోచ్ రెండు చేతులకూ ప్యాడ్‌లు (దెబ్బలు కాచే మెత్తలు) తొడుక్కుని, ప్రతి హుక్ తర్వాత రెండో ప్యాడ్‌ను కుడి చెంప వైపు మెల్లగా తిప్పాలి. పిల్లవాడు మోకాళ్లు వంచి కిందికి దిగి పక్కకి జరగాలి. ఎక్కువమంది నడుము దగ్గర వంగి నేల చూస్తారు. అప్పుడు తర్వాత వచ్చే అప్పర్‌కట్ (కింది నుంచి పైకి కొట్టే దెబ్బ) కనబడదు. 3 నిమిషాల చొప్పున 3 రౌండ్లు, మధ్యలో నిమిషం విశ్రాంతి. మన ఎండల్లో తెల్లవారుజామునే కానివ్వండి.

ప్రశ్న: స్పారింగ్‌లో (సాధన పోటీలో) తలకి గట్టిగా తగిలి మా తమ్ముడు కాసేపు తూలాడు. మర్నాడే వెళ్తానంటున్నాడు. పంపొచ్చా?
– ఒక అక్క, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వద్దమ్మా. ముందు డాక్టరుకి చూపించండి. తలకి దెబ్బ తగిలి నాకౌట్ అయిన అమెచ్యూర్ బాక్సరును కనీసం 30 రోజులు రింగులోకి రానివ్వరు. మీ తమ్ముడు నాకౌట్ కాకపోయినా తూలాడు కాబట్టి, డాక్టరు సరేననే దాకా స్పారింగ్ మాటే ఎత్తనివ్వకండి. తలనొప్పి పెరిగినా, వాంతి అయినా, మాట తడబడినా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి.