బత్తాయి తోటపై బ్యాంకు స్వాధీన నోటీసు: పాసుపుస్తకం ఒక్కటే కాపాడుతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి ఊరు. మా చిన్నాయన పత్తి మిల్లు పెట్టినప్పుడు నాయన జమానతు ఉండి, తన మూడెకరాల ఇరవై గుంటల పట్టా భూమిని బ్యాంకుకు తనఖా పెట్టారు. అందులో చాలా భాగం బత్తాయి తోట, రోడ్డు వెంట రెండు మడిగెలు ఉన్నాయి. మిల్లు మూతపడింది. అరవై రోజుల నోటీసుకు మేము జవాబివ్వలేదు. ఇరవై రోజుల కింద స్వాధీన నోటీసు అంటించి, పత్రికలో కూడా వేశారు. బాకీ 48 లక్షలు అంటున్నారు. వ్యవసాయ భూమి జోలికి బ్యాంకు రాలేదని, దేవరకొండ కోర్టులో ఇంజక్షన్ దావా వేస్తే చాలని ఊళ్లో పెద్దలు చెబుతున్నారు. మడిగెల్లోని కిరాయిదారు సంగతేమిటి?

సమాధానం: పెద్దలు చెప్పిన మొదటి మాట సగమే నిజం. రెండో మాట వింటే మీకు నష్టం. గడువు నడుస్తోంది కనుక రెండోదానితోనే మొదలుపెడతాను.

బ్యాంకు ప్రయోగిస్తున్నది 2002 నాటి సర్ఫేసీ చట్టం, అంటే కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్మే అధికారం బ్యాంకుకు ఇచ్చే చట్టం. రుణ వసూలు ట్రిబ్యునల్ తేల్చవలసిన విషయాలలో సివిల్ కోర్టు దావా స్వీకరించరాదని, ఇంజక్షన్ ఇవ్వరాదని ఆ చట్టంలోని 34వ సెక్షన్ చెబుతుంది. బ్యాంకే మోసం చేసిందని చూపగలిగిన అరుదైన కేసులకు తప్ప ఆ తలుపు తెరుచుకోదు. ట్రిబ్యునల్ మార్గం ఉండగా రిట్లను తేలిగ్గా స్వీకరించవద్దని సుప్రీంకోర్టు 2010లో యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా కేసులో హైకోర్టులను హెచ్చరించింది కాబట్టి, అక్కడా పెద్దగా ఆశ పెట్టుకోకండి. మీరు వెళ్లవలసినది హైదరాబాద్‌లోని రుణ వసూలు ట్రిబ్యునల్‌కు. 17వ సెక్షన్ కింద, స్వాధీన చర్య జరిగిన నాటి నుంచి 45 రోజులలోగా దరఖాస్తు చేయాలి. అందులో ఇరవై రోజులు ఇప్పటికే గడిచాయి. దేవరకొండలో దావా వేసి, అది చెల్లదని తేలేసరికి మిగిలినవీ పోతాయి.

ఇక వ్యవసాయ భూమి విషయం. వ్యవసాయ భూమిపై ఏర్పడిన తనఖా హక్కుకు ఈ చట్టం వర్తించదని 31వ సెక్షన్ (ఐ) క్లాజు స్పష్టంగా చెబుతున్న మాట నిజమే. అయితే రెవెన్యూ రికార్డులో ఏమని రాసి ఉన్నదనేది ఒక్కటే నిర్ణాయకం కాదని, భూమిని వాస్తవంగా దేనికి వాడుతున్నారో సాక్ష్యాలతో తేల్చాలని సుప్రీంకోర్టు 2018లో ఇండియన్ బ్యాంక్ కేసులో చెప్పింది. ఆ రుజువు భారం అప్పు తీసుకున్నవారిదేనని 2023 జనవరిలో మరో తీర్పులో తేల్చింది. చట్టం దృష్టిలో జమానతుదారు కూడా రుణగ్రహీతే. అంటే పట్టాదారు పాసుపుస్తకం చేతపట్టుకుని ట్రిబ్యునల్‌కు వెళితే సరిపోదు, అక్కడ సాగు జరుగుతోందని, తనఖా పెట్టిన నాడూ జరిగిందని మీరే చూపాలి.

అందుకు తనఖా పెట్టిన సంవత్సరం నుంచి పహాణీలు, బోరు కరెంటు కనెక్షన్ కాగితాలు, డ్రిప్ సబ్సిడీ మంజూరు పత్రాలు, రైతుబంధు జమ అయిన బ్యాంకు పద్దు, వ్యవసాయ విస్తరణ అధికారి చేసిన పంట నమోదు, బత్తాయి అమ్మినప్పుడు మార్కెట్‌లో ఇచ్చిన తక్‌పట్టీలు సేకరించండి. వీటన్నిటికన్నా విలువైనది బ్యాంకు ఫైలులోనే ఉండవచ్చు. అప్పు ఇచ్చేముందు బ్యాంకు తన వాల్యుయర్ చేత రాయించుకున్న నివేదికలో బత్తాయి చెట్ల ప్రస్తావన ఉంటే, తరువాత అది తోట కాదని బ్యాంకు వాదించడం కష్టం. దాన్ని దాఖలు చేయించమని ట్రిబ్యునల్‌ను కోరండి. దీనికి విరుద్ధంగా, అది వ్యవసాయేతర భూమి అని మీ నాయన ఏ అఫిడవిట్‌పైనైనా సంతకం చేశారేమో ముందే కనుక్కోండి. బ్యాంకు వకీలు మొదట తీసేది ఆ కాగితాన్నే.

మడిగెలు ఉన్న భాగానికి ఈ రక్షణ దొరకదని అనుకోవాలి, నాలా మార్పిడి (సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా రికార్డుల్లో మార్పించడం) కూడా చేయించి ఉంటే చెప్పనక్కరే లేదు. అందువల్ల మొత్తం భూమిని వ్యవసాయమేనని దబాయించకుండా, తోటకూ మడిగెలకూ హద్దులు విడివిడిగా చూపిస్తూ దరఖాస్తు వేయడం మేలని నా అభిప్రాయం. అతిగా అడిగితే తోట విషయంలోనూ మీ మాటపై నమ్మకం సడలుతుంది. స్టే ఇచ్చేటప్పుడు కొంత సొమ్ము కట్టమని షరతు పెట్టడం మామూలే, దానికి సిద్ధపడి వెళ్లండి.

తోట విషయంలో గెలిచినా బాకీ మాత్రం పోదు. 20 లక్షలు దాటిన బాకీ కనుక బ్యాంకు 1993 నాటి చట్టం కింద అదే ట్రిబ్యునల్‌లో వసూలు దరఖాస్తు వేయగలదు. ముందు మిల్లును అమ్ముకోమని మీ నాయన అనలేరు, ఎందుకంటే కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం జమానతుదారు బాధ్యత అసలు రుణగ్రహీతతో సమానం. దొరికిన వ్యవధిని ఏకకాల పరిష్కారానికి, అంటే కొంత తగ్గించిన మొత్తాన్ని ఒకేసారి కట్టి బాకీ ముగించుకునే ఒప్పందానికి (ఓటీఎస్) వాడుకోవడమే తెలివి. అయితే అది మీ హక్కు కాదని, బ్యాంకు ఇష్టమని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మొత్తం బాకీ, ఖర్చులతో సహా కట్టి ఆస్తి విడిపించుకునే అవకాశం, 2016 సవరణ తరువాత, వేలం ప్రకటన వెలువడే వరకే ఉంటుంది. వేలం పాట రోజు దాకా ఆగవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

కిరాయిదారు విషయం ఆయన కాగితం మీద ఆధారపడుతుంది. రిజిస్టరు కాని, నోటిమాట కిరాయిని ఏడాదికి మించి చూపడం కష్టం. 2016లో చేర్చిన 17(4ఏ) సెక్షన్ కింద ఆయన సొంతంగా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. అరవై రోజుల నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా మీ నాయన కొత్త కిరాయి ఒప్పందం చేయరాదు. పాత తేదీ స్టాంపు కాగితం ఎక్కడో దొరుకుతుందని చెప్పేవారు ఉంటారు, వారి జోలికి పోవద్దు.

మీ నాయన కట్టే ప్రతి రూపాయినీ చిన్నాయన నుంచి రాబట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 145వ సెక్షన్ ఇస్తుంది. కాబట్టి ఆ సొమ్ము నాయన ఖాతా నుంచే వెళ్లాలి, రసీదులు ఆయన పేరనే తీసుకోండి.