దమ్ము చేలో తీసిన తెల్ల కొంగ ఫొటోలో ఈకలు కనపడాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ కెమెరా, 70–300 లెన్స్. అమలాపురం చుట్టుపక్కల దమ్ము చేలల్లో (నాట్లకి ముందు నీళ్లు పెట్టి బురదగా దున్నిన పొలాల్లో) కొంగల్ని తీస్తే ఒంటిమీద ఈక అన్నదే కనపడటం లేదు, సున్నం కొట్టినట్టు వస్తోంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) తగ్గిస్తే తెలుపు పోయి బూడిద రంగు అట్టముక్కలా అవుతోంది. లెన్స్ మార్చాలా?

లెన్స్ మార్చకండి. ఆ లెన్స్‌తో ఈక ఈకా లెక్కపెట్టేలా తీయొచ్చు. తప్పు కెమెరాలో వెలుగు కొలిచే మీటర్‌ది, ఆ మీటర్ని నమ్మి వదిలేసిన సెట్టింగ్‌ది.

కొంగ తెల్లగా ఉంటుందని మీటర్‌కి తెలీదు. ఫ్రేములో ఉన్నదంతా కలిపి మధ్యస్థమైన వెలుగుకి తేవాలని చూస్తుంది, అంతే. ట్రాక్టర్ కేజ్‌వీల్స్ తిప్పిన తడి బురద దాదాపు నల్లగా ఉంటుంది, ఫ్రేములో ఎక్కువ భాగం అదే. కొంగ ఓ మూల చిన్నగా ఉంటుంది. మీటర్ ఆ నలుపు చూసి "చీకటిగా ఉంది" అనుకుని వెలుగు పెంచుతుంది, కొంగ కాలిపోతుంది, అంటే ఉత్త తెలుపు తప్ప ఈక గీత మిగలదు. అదే కొంగ పది అడుగులు పక్కకి నడిచి, ఆకాశం అద్దంలా మెరిసే నీటి మడిలోకి వెళ్లిందనుకోండి. ఇప్పుడు మీటర్ ఆ మెరుపు చూసి వెలుగు తగ్గిస్తుంది, కొంగ మసగ్గా వస్తుంది. పిట్ట అదే, ఎండ అదే, ఎక్స్‌పోజర్లు మాత్రం రెండు. అందుకే దమ్ము చేలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మీట తిప్పుతూ కూర్చుంటే లాభం లేదు. ట్రాక్టర్ మలుపు తిరిగినప్పుడల్లా కొంగల వెనకాల నేల మారిపోతుంది, మీ లెక్కా మారిపోతుంది.

మాన్యువల్ మోడ్‌లో పెట్టండి. పిట్ట మీద పడే ఎండ మారనంతసేపు వెనకాల ఏమున్నా సెట్టింగ్ ముట్టుకోనక్కర్లేదు. ఎండ బాగా ఎక్కాక, సూర్యుడు మీ వీపు వైపు ఉంటే ఐఎస్ఓ 400, అపర్చర్ ఎఫ్/6.3, షట్టర్ స్పీడు 1/3200తో మొదలుపెట్టండి. పొద్దున్నే వాలుగా పడే లేత ఎండలో షట్టర్‌ని 1/1600కి, ఇంకా మెత్తగా ఉంటే 1/1250కి తెచ్చుకోవచ్చు. ఇవి మొదలుపెట్టడానికే. ఒక షాట్ తీసి, కెమెరాలో హైలైట్ వార్నింగ్ ఆన్ చేసి చూడండి. కాలిన చోట నలుపూ తెలుపూ మిణుకుమిణుకుమంటుంది. భుజం మీద రెండు మూడు చుక్కలు మిణుకుమంటే ఫర్వాలేదు, రా ఫైల్లో (సెన్సర్ పట్టినదంతా దాచే ఫైల్లో) సాధారణంగా ఇంకొంచెం మిగిలి ఉంటుంది. మెడా ఛాతీ మొత్తం మిణుకుమంటే మాత్రం షట్టర్ రెండు క్లిక్కులు పెంచాల్సిందే.

ఇక్కడే చాలామంది ఓ పొరపాటు చేస్తారు. మోడ్ మాన్యువల్‌కి మార్చి, ఐఎస్ఓని ఆటోలో వదిలేస్తారు. అప్పుడు పెత్తనం మళ్లీ మీటర్‌దే. మీరు షట్టర్ పెంచిన కొద్దీ అది ఐఎస్ఓ పెంచుకుంటూ పోతుంది. మీకు కాలిన ఫొటోలే వస్తుంటే ముందు చూడాల్సింది అదే.

ఇంకోటి, కెమెరా వెనక కనపడే హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫ్), ఆ మిణుకులూ రా ఫైల్ నుంచి రావు, కెమెరా లోపల తయారయ్యే జేపెగ్ నుంచి వస్తాయి. పిక్చర్ స్టైల్ వివిడ్‌లో ఉంటే కాలకపోయినా కాలినట్టు చూపిస్తుంది. న్యూట్రల్ పెట్టి కాంట్రాస్ట్ తగ్గించుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. తీసేది రా లోనే అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

సార్వా (వానాకాలం పంట) దమ్ములప్పుడు ఇంకో చిక్కుంది. మబ్బు ఒకటి వచ్చి పోతూ ఉంటుంది, ఎండ రెండు మూడు స్టాపులు పడి లేస్తుంటుంది (ఒక స్టాపు అంటే వెలుగు సగం కావడం లేదా రెట్టింపు కావడం). అపర్చర్, షట్టర్ కదపకండి, ఐఎస్ఓ ఒక్కటే చేత్తో తిప్పండి. ఎండలో 400, మబ్బులో 1600. దాళ్వా (రెండో పంట) దమ్ములప్పుడు ఆకాశం తేటగా ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ, పొద్దున మంచు విడిచేదాకా ఆగాలంతే. నేర్చుకోవడానికి నా మటుకు దాళ్వానే మంచిది.

గుడ్డికొంగ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గట్టు మీద ముడుచుకుని కూర్చున్నప్పుడు అది ఎండుగడ్డి రంగులో, చారలతో ఉంటుంది, పక్కనే ఉన్నా కనపడదు. మీరు ఆ గోధుమ రంగుకి సరిపోయేలా వెలుగు పెట్టుకుంటారు. అది లేచిన క్షణంలో రెక్కలు విచ్చుకుంటాయి, అవి తెల్లటి తెలుపు. ఆ ఒక్క ఫ్రేమ్ కోసమే గంట కూర్చుంటాం, తీరా చూస్తే రెక్కలు కాగితంలా తేలతాయి. కాబట్టి కూర్చున్న గుడ్డికొంగకి కూడా తెల్ల కొంగ సెట్టింగే వాడండి. కూర్చున్న ఫొటో ముప్పావు స్టాపు చీకటిగా వస్తుంది, రానివ్వండి. చీకటిని ఎడిటింగ్‌లో లేపొచ్చు, కాలిన తెలుపుని ఏం చేసినా లేపలేం. నల్లటి నీటికాకికి ఇది వర్తించదు, దానికి ఒక స్టాపు ఎక్కువే ఇవ్వాలి.

ఫోకస్ కంటిన్యువస్‌లో, సింగిల్ పాయింట్‌తో, కంటి మీద. ఏరియా పెద్దది పెడితే ముందున్న నారు కొసల్ని పట్టుకుంటుంది. 300 ఎంఎం దగ్గర ఎఫ్/5.6 కంటే ఎఫ్/6.3 లేదా 7.1లో ఈ తరహా లెన్సులు చాలావరకు పదునుగా ఉంటాయి. గట్టు మీద నిలబడి కిందికి తీస్తే వెనకాల బురదే వస్తుంది. గట్టు దిగి మోకాళ్ల మీద కూర్చుని కొంగ కంటి ఎత్తులో తీస్తే దూరపు కొబ్బరితోట మెత్తటి ఆకుపచ్చ తెరలా వస్తుంది. రైతుని అడక్కుండా మడిలోకి మాత్రం దిగకండి, నారుమడి అయితే అసలే వద్దు.

ఎండ ముదిరాక దూరపు ఫొటోలు మెత్తబడితే లెన్స్‌ని అనుమానించకండి. వేడెక్కిన నేల మీదుగా, రొయ్యల చెరువు గట్ల మీదుగా గాలి అలలు అలలుగా లేస్తుంది, ఈక గీతలన్నీ కలిసిపోతాయి. దాన్ని ఏ షార్పెనింగూ సరిచేయదు. దగ్గరికి వెళ్లడం, లేదా పొద్దున్నే వెళ్లడం, అంతే మార్గం. ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా బయటికి తెస్తే మన గాలిలోని తేమకి అద్దం మీద మంచు పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచితే చాలు.

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల వైపు వెళ్తే లెక్క కాస్త మారుతుంది. నీరు తీసే వేళకి వెళ్లాలి. అప్పుడే బురద బయటపడుతుంది, ఒక డెక్క పెద్దగా ఉండే పీతలు కన్నాల్లోంచి వస్తాయి, వాటి కోసం కొంగలొస్తాయి. పున్నమి, అమావాస్యలప్పుడు నీరు ఎక్కువ దూరం తీస్తుంది. పడవలో ట్రైపాడ్ పనికిరాదు, ఇంజన్ అదురు కాళ్లలోంచి నేరుగా లెన్స్‌కి ఎక్కుతుంది. చేతుల్లోనే పట్టుకుని 1/2000కి తగ్గకుండా తీయండి. ఉప్పుగాలి తగిలింది కాబట్టి ఇంటికొచ్చాక బాడీని తడిపి పిండిన గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవండి. అది అభయారణ్యం, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. ఎక్కడైనా సరే, గూటి మీద ఉన్న పిట్టని వదిలేయండి. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకి, కాకులకి దొరుకుతాయి.

ఇక ఎడిటింగ్. మీకు బూడిద రంగు ఎందుకొస్తోందంటే, కాలిన చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగుల ఛానెళ్లూ నిండిపోయి ఉన్నాయి. పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడా అన్నదే మిగల్లేదు. హైలైట్స్ తగ్గిస్తే ఆ సమానమైన తెలుపు సమానమైన బూడిద అవుతుంది, ఈక ఎక్కడినుంచి వస్తుంది? పాత ఫొటోలు ఏవి బతుకుతాయో తెలియాలంటే ఎక్స్‌పోజర్ మైనస్ 2కి లాగి చూడండి. ఈక గీతలు తేలితే ఉంచండి, తేలకపోతే తీసేయండి. కొన్నింట్లో తెలుపు మీద గులాబీ మరకలు కనిపిస్తాయి. పగటి వెలుగులో సాధారణంగా పచ్చ ఛానెల్ ముందు నిండుతుంది, మిగతా రెంట్లో కొంత మిగిలి ఉంటుంది, ఆ తేడాయే గులాబీ. అలాంటివి బాగుపడతాయి. డబ్బు పెట్టక్కర్లేని డార్క్‌టేబుల్‌లో హైలైట్ రికన్‌స్ట్రక్షన్ మాడ్యూల్ ఉన్నది దీనికే.

సరిగ్గా తీసిన ఫైల్ మొదట చూసినప్పుడు చప్పగా, చీకటిగా ఉంటుంది. కంగారుపడి అన్ని స్లైడర్లూ లాగకండి. ముందు ప్రొఫైల్ న్యూట్రల్‌కి మార్చండి. ఐఎస్ఓ 1600 దాటితే డీనాయిస్ (ఐఎస్ఓ పెరిగితే వచ్చే గింజని తగ్గించడం) అప్పుడే చేసేయండి, 40 దాకా చాలు, ఎక్కువైతే ఈకలు మైనంలా అవుతాయి. తరవాత ఎక్స్‌పోజర్ ప్లస్ 0.3 నుంచి 0.7, హైలైట్స్ మైనస్ 40. ఇప్పుడు కర్సర్‌ని కొంగ ఛాతీ మీద అన్నిటికంటే వెలుగున్న చోట పెట్టి, హిస్టోగ్రామ్ కింద అంకెలు చూడండి. మూడూ 92 నుంచి 95 శాతం మధ్య ఉండాలి. 85కి దిగితే కొంగ మాసిన పంచెలా ఉంటుంది, 98 దాటితే మళ్లీ సున్నమే. మీ అట్టముక్క రంగుకి సగం కారణం ఈ అంకెలు చూడకుండా హైలైట్స్ మైనస్ 100 దాకా లాగడమేనని నా అంచనా.

వైట్ బ్యాలెన్స్‌కి ఐడ్రాపర్‌ని కాలిన చోట నొక్కితే తప్పు రంగు వస్తుంది, ఎండ పడిన, అంకెలు 90 లోపు ఉన్న ఈక మీద నొక్కండి. ఊడ్చిన (నాట్లు వేసిన) చేలో నిలబడ్డ కొంగ పొట్ట కింద లేత పచ్చ ఛాయ ఉంటుంది, అది వరి నుంచి తిరిగొచ్చిన వెలుగు. దాన్ని పూర్తిగా తుడిచేస్తే కొంగని ఎక్కడినుంచో కత్తిరించి తెచ్చి అంటించినట్టుంటుంది. ఉండనివ్వండి.

వరి పచ్చదనం మన కళ్లకి ఉన్నదానికంటే కెమెరాలో గాఢంగా వస్తుంది. పచ్చ రంగు సాచురేషన్ మైనస్ 15, ల్యూమినెన్స్ మైనస్ 10 పెడితే కొంగ దానంతట అదే ముందుకొస్తుంది. లకుముకి పిట్టకి ఇదే పని నీలంతో చేయాలి, దాని వీపు మీది నీలం, స్క్రీన్ చూపించగలిగిన దానికంటే గాఢం, సాచురేషన్ పెంచితే ఈక గీతలు కలిసి ఒకే రంగు ముద్దవుతుంది.

మాస్కులో సబ్జెక్ట్ ఎంచుకుని కొంగకి మాత్రమే టెక్స్‌చర్ ప్లస్ 15 ఇవ్వండి. క్లారిటీ 5 దాటనివ్వకండి, డీహేజ్ పిట్ట జోలికే పోనివ్వకండి. తెల్లటి ఒంటి చుట్టూ కనపడే నల్ల అంచు క్లారిటీ వల్లే వస్తుంది. వానాకాలంలో చిన్న తెల్ల కొంగకి వీపు మీద జల్లులాంటి సన్నటి ఈకలు వేలాడతాయి. సబ్జెక్ట్ మాస్కు వాటిని చాలాసార్లు వదిలేస్తుంది, కాళ్లని కూడా. అప్పుడు వెనక భాగం చీకటి చేస్తే ఆ ఈకలు సగంలో తెగినట్టు కనపడతాయి. 100 శాతం జూమ్‌లో చూసి, మెత్తటి బ్రష్‌తో వాటిని మాస్కులోకి కలుపుకోండి. ఐదు నిమిషాల పని, ఫొటో మొత్తం దానిమీదే నిలబడుతుంది. షార్పెనింగ్ 50, రేడియస్ 0.8, మాస్కింగ్ 75 పెడితే వెనకాల గింజ లేవదు.

క్రాప్ చేసినా 3000 అడ్డం, 2000 నిలువు పిక్సెళ్లు మిగలనివ్వండి, ఏ4 ప్రింట్‌కి సరిపోతుంది. స్క్రీన్ కోసం ఎస్‌ఆర్‌జీబీ కలర్ స్పేస్‌లో, పొడుగు వైపు 2048 పిక్సెళ్లు, క్వాలిటీ 85. వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటోగా పంపితే కుదించేటప్పుడు ముందు పోయేది ఆ సన్నటి ఈకలే. ప్రింట్ వేయిస్తే తెలుపు అంకె 95 దాటనివ్వకండి. 100 ఉన్న చోట ఇంకు పడదు, ఉత్త కాగితమే కనపడుతుంది. పెద్దది వేయించే ముందు అదే కాగితం మీద చిన్న ముక్క ఒకటి వేయించి, పగటి వెలుగులో కొంగ మెడ దగ్గర చూడండి.