ఎక్కడికి అని అడిగే ముందు, ఏది వద్దో అడగండి

ఆరుగురు స్నేహితులు, వేసవిలో కలిసొచ్చిన మూడు రోజులు, ఏదో ఒక నగరం. గ్రూపులో ఊళ్ల పేర్లు రోజూ వచ్చిపడుతున్నాయి, ఒక్క టికెట్ కూడా కొనలేదు. ఏ నగరం ఎంచుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. ఊరి పేరుతో మాత్రం మొదలుపెట్టకండి. మా స్నేహితుల బృందానికి ఈ ఏర్పాట్లన్నీ చాలాకాలంగా నా నెత్తినే పడుతున్నాయి (మొదటిసారి టికెట్లు కొన్నవారే శాశ్వత కార్యదర్శి అవుతారు, ఎవరూ ఎన్నుకోనక్కర్లేదు). నేను చూసినంతలో నగరం బాగాలేక పాడైన ప్రయాణాలు అరుదు. ఇద్దరు ముగ్గురు లోపల వద్దనుకుంటూ పైకి సరేనన్నందువల్ల పాడైనవే ఎక్కువ.

దీని మీద జెర్రీ హార్వీ అనే అమెరికన్ ఆచార్యుడు 1974లో తన ఇంటి ముచ్చటే రాశారు. టెక్సస్‌లో జూలై మధ్యాహ్నం, నలభై డిగ్రీల ఎండ. ఇంట్లో అందరూ హాయిగా కూర్చుని ఉన్నారు. మామగారు ఉన్నట్టుండి అబిలీన్ అనే ఊరు వెళ్లి భోంచేసి వద్దామన్నారు. హార్వీ భార్య బాగుందంది, హార్వీ సరేనన్నారు, అత్తగారూ తలూపారు. ఏసీ లేని కారులో, దుమ్ములో సుమారు 85 కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ అంత దూరం తిరిగి వచ్చారు. ఇంటికి చేరాక తేలిందేమిటంటే, వెళ్లాలని నలుగురిలో ఒక్కరికీ లేదు. మామగారు కూడా, మీకు విసుగ్గా ఉందేమోనని ఊరికే అన్నానన్నారు. ఒకరి మాట కాదనడానికి మొహమాటపడి, ఎవరికీ ఇష్టం లేని పని అందరూ కలిసి చేయడానికి మేనేజ్‌మెంట్ చదువుల్లో ఆ ఊరి పేరే స్థిరపడింది.

మీ గ్రూపులో బొటనవేలు బొమ్మలు చూసి మురిసిపోకండి. బొటనవేలుకు “నాకు ఇష్టం” అనే కాక “గొడవెందుకు”, “తర్వాత చూద్దాం”, “నేను ఎలాగూ రాను” అనే అర్థాలు కూడా ఉంటాయి. అందుకే ఆరుగురినీ విడివిడిగా అడగాలి. గ్రూపులో కాదు, ఫోనులో గానీ, నేరుగా వ్యక్తిగత సందేశంలో గానీ. మూడే ప్రశ్నలు: ఏ తేదీలు అసలు కుదరవు? ఎంత దాటితే ఖర్చు భారమవుతుంది? ఏ పని చేయాల్సి వస్తే ఈ ప్రయాణానికి రాకపోవడమే మేలనిపిస్తుంది?

రెండో ప్రశ్నను ఎప్పుడూ అందరిముందు అడగకూడదు. స్నేహితుల్లో అందరి జీతాలు ఒకటి కావు. ఒకరు ఇంటి అప్పు తీరుస్తుంటారు, ఇంకొకరు ఉద్యోగం మారే పనిలో ఉంటారు. పదిమందిలో అడిగితే తక్కువ ఉన్నవారు ఎక్కువ చెబుతారు, ఆ తర్వాత ప్రతి బిల్లు దగ్గరా వారి ముఖంలో ఆ తేడా కనిపిస్తూనే ఉంటుంది. ఒకరికే చెబితే నిజం చెబుతారు. వచ్చిన అంకెల్లో అతి తక్కువదే బృందం మొత్తానికీ పరిమితి. సగటు తీయకండి. సగటు తీస్తే కొందరికి భారమైన ప్రయాణం తయారవుతుంది. ఆ అంకె ఎవరిదో మీ దగ్గరే ఉండిపోవాలి.

మూడో ప్రశ్నకు వచ్చే జవాబులే అసలు సరుకు. మా వాళ్లలో ఒకరు గది పంచుకోగలరు కానీ మంచం పంచుకోలేరు. ఒకరు ఎత్తయిన కట్టడాలు ఎక్కరు. తెల్లవారుజామున బయలుదేరే విమానమైతే రానని ఒకరు తెగేసి చెప్పారు. వీటిలో ఏదీ పెద్ద కోరిక కాదు. కానీ టికెట్లు కొన్నాక బయటపడితే ఒక్కొక్కటీ ఒక్కో తగాదా.

ఇవన్నీ చేతికి వచ్చాక నగరాల జాబితా దానంతటదే చిన్నదైపోతుంది. మిగిలిన మూడు నాలుగింటి మీద ఓటు పెట్టండి, అయితే “మీకు అన్నిటికంటే ఇష్టమైనది ఏది” అని మాత్రం వద్దు. ఫ్రెంచి గణిత పండితుడు కాండోర్సే 1785లోనే ఇందులోని చిక్కు చూపించారు. ముగ్గురు మిత్రులకు సముద్రం ఉన్న ఊరు, కొండల ఊరు, మ్యూజియాల ఊరు అని మూడు ఎంపికలున్నాయనుకోండి. మొదటివారి వరుస సముద్రం, కొండలు, మ్యూజియాలు. రెండోవారిది కొండలు, మ్యూజియాలు, సముద్రం. మూడోవారిది మ్యూజియాలు, సముద్రం, కొండలు. రెండేసి చొప్పున పోటీ పెడితే కొండల మీద సముద్రం గెలుస్తుంది, మ్యూజియాల మీద కొండలు గెలుస్తాయి, సముద్రం మీద మ్యూజియాలు గెలుస్తాయి. ఎంత చర్చించినా తెగదు. మీ గ్రూపులో జరుగుతున్నది ఇదే కావచ్చు, ఎవరి మొండితనమూ లేకుండానే. దీనికి విరుగుడుగా ప్రతి ఒక్కరూ తమకు అభ్యంతరం లేని ఊళ్లన్నిటికీ ఓటు వేయాలి. ఎక్కువ ఓట్లు వచ్చినదే ఖాయం. ఎవరి కలల నగరమూ గెలవకపోవచ్చు, కానీ ఎవరూ ముఖం మాడ్చుకుని రారు. ఓట్లు సమానమైతే ఏర్పాట్లు చేసేవారి మాటే చెల్లాలి. అంత చాకిరీకి ఆ మాత్రం అధికారం ఉండాలి కదా.

తేదీలు ఖాయం చేసే ముందు ఆ ఊళ్లో ఏ రోజు ఏది మూసి ఉంటుందో చూడండి. మూడు రోజుల ప్రయాణంలో ఒక రోజు పోతే మూడో వంతు పోయినట్టే. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం, ఓర్సే మ్యూజియం సోమవారం మూసి ఉంటాయి. ఆదివారం నుంచి మంగళవారం దాకా అక్కడుంటే రెండూ తెరిచి ఉండేది ఆదివారం ఒక్కటే. వాటికన్ మ్యూజియాలేమో నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు తెరవరు. పక్కనే ఉన్న సెయింట్ పీటర్స్ బసిలికాలోకి భుజాలు, మోకాళ్లు కనిపించే దుస్తులతో రానివ్వరు. వేసవి కదా అని అందరూ నిక్కర్లు సర్దుకుంటే గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. వీసా కావలసిన దేశమైతే, ఆరుగురిలో ఎవరికి ఆలస్యంగా చేతికి వస్తుందో వారిదే బృందం తేదీ.

విమానం టికెట్ల దగ్గర ఒక చిన్న కిటుకు. ఆరుగురికీ కలిపి వెతికితే చాలా విమానయాన సంస్థల వ్యవస్థలు ఆరు సీట్లూ ఒకే ధర శ్రేణిలో ఉన్నచోటే చూపిస్తాయి. తక్కువ ధరకు రెండే సీట్లు మిగిలి ఉంటే ఆ రెండూ వదిలేసి ఆరింటికీ పై ధర చెబుతాయి. ముందు ఒక్కరికి, తర్వాత ఆరుగురికి వెతికి చూడండి. తేడా ఉంటే విడగొట్టి కొనండి. ఇబ్బంది ఏమిటంటే, విమానం రద్దయినప్పుడు విడివిడి బుకింగులవారిని వేర్వేరు విమానాల్లో సర్దవచ్చు. తేడా స్వల్పమైతే కలిపి కొనడమే నయం. టాక్సీలో సాధారణంగా నలుగురికే చోటు కాబట్టి ఆరుగురంటే ప్రతిసారీ రెండు బండ్లు. బస మెట్రో స్టేషనుకు నడిచి వెళ్లే దూరంలో ఉంటే ఈ బాధ సగం తగ్గుతుంది.

ఇప్పుడు ఎండ సంగతి. స్నేహితులతో వేసవిలో వెళ్లేటప్పుడు రోజు ఎలా గడవాలో నిర్ణయించేది మీ జాబితా కాదు, ఎండ. సూర్యుడు నడినెత్తిన ఉండేది మధ్యాహ్నమే అయినా గాలి వేడి సాధారణంగా మూడు, నాలుగు గంటల ప్రాంతంలో శిఖరానికి చేరుతుంది. పన్నెండు దాటింది, ఇక తగ్గుతుందిలే అని బయలుదేరడం తప్పు లెక్క. నగరాల్లో రాత్రి కూడా అంత తేలిగ్గా చల్లబడదు. పగలంతా కాలిన కాంక్రీటు, తారు రోడ్లు రాత్రంతా ఆ వేడిని వదులుతూ ఉంటాయి. చుట్టుపక్కల పల్లెల కంటే లండన్ రాత్రులు వెచ్చగా ఉంటున్నాయని ల్యూక్ హొవార్డ్ అనే ఆంగ్లేయ వాతావరణ పరిశీలకుడు 19వ శతాబ్దం ఆరంభంలోనే కొలిచి చెప్పారు. కాబట్టి గది ఎంచుకునేటప్పుడు కిటికీలోంచి ఏం కనిపిస్తుందనే దానికంటే ఏసీ ఉందా, గది చివరి అంతస్తులో పైకప్పు కిందే ఉందా అన్నవి ముఖ్యం. యూరప్‌లో పాత భవనాల్లోని బసలు చాలావాటికి ఏసీ ఉండదు. ఉందని రాతపూర్వకంగా నిర్ధారించుకున్నాకే డబ్బు కట్టండి. నిద్ర చాలని ఆరుగురు ఒక్కచోట చేరితే ఎంత అందమైన నగరమైనా కంటికి ఆనదు.

ఎండ తీవ్రమైతే చూడవలసిన చోట్లే మూసేయవచ్చు. ఏథెన్స్‌లో అక్రోపొలిస్‌ను 2023, 2024 వేసవుల్లో వడగాడ్పుల రోజుల్లో మధ్యాహ్నం వేళ మూసి ఉంచారు. 2025 జూలై మొదట్లో ఐఫిల్ టవర్ పై అంతస్తుకు సందర్శకులను అనుమతించలేదు. అందువల్ల ఆరుబయట చూడవలసినవి పొద్దున్నే, తలుపులున్నవి మధ్యాహ్నం, వీధులు సాయంత్రం. ఆ సాయంత్రం ఎంత పొడవుంటుందో కూడా ఊరిని బట్టి ఉంటుంది: జూన్‌లో పారిస్‌లో సూర్యాస్తమయం రాత్రి పదికి దగ్గర, సింగపూర్‌లో ఏడాది పొడవునా ఏడు గంటల ప్రాంతం. మొదటి ఊళ్లో మధ్యాహ్నం పడుకున్నా రోజు మిగులుతుంది. రెండో ఊళ్లో చీకటి పడ్డాక ఏం చేస్తారో ముందే అనుకోవాలి.

ఇక అందరూ కలిసి తిరగడం. ఇక్కడే చాలా బృందాలు అలిసిపోతాయి. చిన్న లెక్క చూడండి. మీలో ప్రతి ఒక్కరూ పదింట తొమ్మిదిసార్లు సమయానికి వచ్చేవారే అనుకుందాం. అంటే మంచి క్రమశిక్షణ ఉన్నవారే. ఆరుగురూ ఒకేసారి సమయానికి ఉండే అవకాశం 0.9ని ఆరుసార్లు గుణిస్తే వస్తుంది: సుమారు 53 శాతం. దాదాపు ప్రతి రెండో కలయికకు మిగతావారు ఎవరో ఒకరి కోసం నిలబడతారు. ఎండలో. రోజుకు ఐదుసార్లు “అందరూ ఇక్కడ కలుద్దాం” అని పెట్టుకుంటే రోజులో మంచి భాగం హోటల్ గుమ్మం దగ్గరే గడుస్తుంది. ఆలస్యంగా వచ్చినవారిని తిట్టడం కంటే కలిసే సందర్భాలు తగ్గించడమే తెలివైన పని.

మేము రోజుకు రెండే పెట్టుకుంటాం: పొద్దున ఒక చోటు, రాత్రి భోజనం. పొద్దుటి చోటుకు టికెట్ ముందే కొని ఉంటుంది, దానిమీద సమయం అచ్చయి ఉంటుంది. ఆ సమయానికి రానివారి టికెట్ నష్టం వారిదే, ఎవరూ ఆగరు. ఇది మొదట్లో కటువుగా అనిపించింది. ఇప్పుడు అందరికంటే ఆలస్యంగా లేచే మిత్రుడే దీన్ని అందరికంటే గట్టిగా సమర్థిస్తాడు, ఎందుకంటే తన వెనక గుసగుసలు ఆగిపోయాయి. మధ్యాహ్నం ఎవరి దారి వారిది. ఒకరు పుస్తకాల అంగళ్లకు, ఇద్దరు మ్యూజియానికి, ఒకరు నిద్రకు. విడిపోవడం స్నేహానికి లోటు అనుకునేవారు ఉంటారు. మూడు రోజులు అతుక్కుని తిరిగిన తర్వాత ఒకరి ఊపిరి శబ్దం ఒకరికి చిరాకు పుట్టించడం కంటే, సాయంత్రం చెప్పుకోవడానికి నాలుగు వేర్వేరు కబుర్లు ఉండటం మేలు కాదా? ఎవరూ రాకపోయినా ఒంటరిగానైనా వెళ్లి చూస్తాననిపించే చోటు ఒక్కటి ప్రతి ఒక్కరినీ ముందే రాసుకోమనండి. మధ్యాహ్నం ఆ ఒక్కదానికే.

లెక్కలు రోజూ రాత్రి రాయండి; స్ప్లిట్‌వైజ్ లాంటి యాప్ అయినా సరే, కాగితమైనా సరే. ఎవరు ఎవరికి ఎంత బాకీ అని జంటజంటగా తేల్చుకోనవసరం లేదు. ఒక్కొక్కరూ పెట్టింది తమ వాటా కంటే ఎంత ఎక్కువో, ఎంత తక్కువో చూస్తే ఆరుగురి లెక్క ఎంత చిక్కుపడినా అయిదు చెల్లింపుల్లో తీరిపోతుంది. తాగనివారు, తిననివారు తమది కాని వాటికి వాటా పెట్టుకోనక్కర్లేదని మొదటి రోజే చెప్పేయండి. వారంతట వారు అడగరు.

చివరి నిమిషంలో ఎవరైనా తప్పుకుంటే ఏం చేయాలన్నది కూడా టికెట్లకు ముందే తేల్చుకోవాలి. మా పద్ధతి ఇది: తిరిగిరాని ఖర్చులో తప్పుకున్నవారి వాటా వారే భరించాలి, అనారోగ్యం లేదా ఇంట్లో ఆపద అయితే అందరూ పంచుకోవాలి. ఒక తేదీ పెట్టి, ఆ రోజులోపు తమ వాటా డబ్బు పంపినవారినే వస్తున్నవారిగా లెక్కించండి. ఆ తేదీన ఆరుగురు నలుగురవుతారేమో. నలుగురైతే ఒకే టాక్సీలో పడతారు, రెండు గదులు చాలు, లెక్క మూడు చెల్లింపుల్లో తీరుతుంది. డబ్బు పంపని ఆ ఇద్దరూ మీకు చెప్పలేకపోయిన “వద్దు” అదే. వారిని ఏమీ అనకండి, వచ్చేసారి కూడా అడగండి.